ఆసనానికి ముందు ఆసనం

యోగాసనాల వల్ల లాభాలేమిటని ఈ రోజుల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. డాక్టరుగారు చెబుతారు, టీవీలో స్వామీజీ చెబుతారు, పక్కింట్లో రిటైరయిన మాస్టారు చెబుతారు. నడుముకు ఏది మంచిది, చక్కెర వ్యాధికి ఏది మంచిది, ఏది ఎన్ని నిమిషాలు వెయ్యాలి, అంతా కంఠోపాఠమే. "అమ్మా, కింద ఏం పరుచుకుంటున్నారు?" అని మాత్రం ఎవరూ అడగరు. దుప్పటో, పాత చీరో, పిల్లల పక్కబట్టో, చేతికి ఏది అందితే అది. కొందరు అదీ లేకుండా నున్నటి టైల్సు మీదే దండాలు మొదలుపెట్టేస్తారు.

నాకు ఈ విషయంలో పట్టింపు కొంచెం ఎక్కువే. తిరువళ్ళూరులో మా వీధి ఆడవాళ్ళం పదిమందిమి కొన్నేళ్ళుగా తెల్లవారి ఆరుగంటలకు ఒకరింట్లో చేరి ఆసనాలు వేస్తున్నాం. వాన లేకపోతే మిద్దెమీద, వాన ఉంటే హాల్లో. పుట్టిల్లు తిరుత్తణి. నెలకు రెండుసార్లయినా రైలెక్కి అమ్మను చూసి వస్తుంటాను. ఈ రెండు ఊళ్ళలోనూ నేను చూసినవీ, పెద్దలు చెప్పగా విన్నవీ, చదివినవీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆసనం అనే మాటనే తీసుకోండి. మనకిప్పుడు ఆసనం అంటే కాళ్ళూ చేతులూ మెలిపెట్టే భంగిమ. కాని ఆ మాటకు కూర్చోవడం అనీ, కూర్చోవడానికి వేసేది అనీ రెండర్థాలూ మొదటినుంచీ ఉన్నాయి. పూజలో షోడశోపచారాలు తలచుకోండి. ఆవాహనం కాగానే ఆసనమే సమర్పిస్తాం. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వడం కూడా ఆ తర్వాతే. వచ్చినవాడు దేవుడైనా సరే ముందు కూర్చోవడానికి ఏదైనా వెయ్యాలన్నది మన ఇళ్ళ మర్యాద. అతిథికి చేసే ఆ మర్యాద మన మోకాళ్ళకూ వెన్నెముకకూ చెయ్యడానికి మనకు తోచదు.

భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానయోగం చెప్పేటప్పుడు, మనసును నిలపడం గురించి మాట్లాడే ముందు కూర్చునే చోటు గురించి చెప్పారు. చోటు శుభ్రంగా ఉండాలి, ఆసనం కదలకుండా ఉండాలి, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకూడదు. దర్భ, జింకచర్మం, వస్త్రం ఒకదానిమీద ఒకటి ఉండాలి. శ్లోకంలో వస్త్రం పేరు ముందు వస్తుంది. అయితే పరిచే వరస దానికి తలకిందులని శంకరాచార్యులవారు భాష్యంలో స్పష్టం చేశారు. అన్నిటికంటే అడుగున దర్భ, దానిమీద చర్మం, పైన మెత్తటి గుడ్డ. నాకు తోచినంతలో ఇందులో మర్మమేమీ లేదు. నేల తేమనూ చలినీ గడ్డి ఆపుతుంది, గడ్డి గుచ్చుకోకుండా చర్మం ఆపుతుంది, ఒంటికి తగిలేది గుడ్డ. ఇంట్లో పెద్దవాళ్ళు పసిబిడ్డకు పక్క వేసే పద్ధతి కూడా ఇదే కదా! పతంజలి మహర్షి కూడా ఆసనానికి రెండే లక్షణాలు చెప్పారు. స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. కింద వేసిన గుడ్డ జారిపోతుంటే స్థిరం ఎక్కడిది? ఎముక రాతికి ఒరుసుకుంటుంటే సుఖం ఎక్కడిది?

గీత మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న గొప్ప చెప్పుకోనివ్వండి. ఆ గీతను ఇంగ్లీషులోకి అనువదించి, వ్యాఖ్యానం రాసి 1948లో ప్రకటించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో పుట్టింది మా తిరుత్తణిలోనే. అప్పటికీ, ఆ తర్వాత చాలాకాలం వరకూ అది తెలుగువాళ్ళ లెక్కలోని ఊరే. ఆ తర్వాతి కాలంలో చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మా అమ్మ పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా, బడికి వెళ్ళే వయసుకు చెంగల్పట్టు జిల్లా, 1997 తర్వాత తిరువళ్ళూరు జిల్లా. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. వీధిలో అమ్మేవాడు "పాయి, పాయి" అని అరుస్తాడు, ఇంట్లోవాళ్ళు "చాపలవాడొచ్చాడు" అంటారు.

చాప ఎందుకు అవసరమయిందో తెలియాలంటే ముందు మన నేలలు ఎలా మారాయో చూడాలి. మా అమ్మమ్మ ఇంట్లో పేడతో అలికిన మట్టి నేల. అది కాలిని పట్టుకుంటుంది, పడినా కొంత ఓర్చుకుంటుంది. తర్వాత ఎర్ర గచ్చు వచ్చింది, కడప రాళ్ళు వచ్చాయి, మొజాయిక్ వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూసినా అద్దంలాంటి విట్రిఫైడ్ టైల్సు. తుడవడానికి సుఖం, చూడ్డానికి అందం. ఆసనాలకు మాత్రం ఇంతకంటే చెడ్డ నేల ఇంకొకటి లేదు. అరికాలికి కాస్త చెమట పడితే చాలు, పట్టు తప్పుతుంది.

దానిమీద దుప్పటి పరిస్తే? ఇంకా ప్రమాదం. ఇది చాలామందికి నమ్మకం కుదరదు గనక వివరంగా చెబుతాను. త్రికోణాసనంలో కాళ్ళు మూడడుగుల ఎడంగా పెట్టి నిలబడతాం. ఒంటి బరువు తిన్నగా కిందికి దిగదు. రెండు పాదాలనూ చెరో పక్కకు తోస్తుంది. ఆ తోపును ఆపేది పాదానికీ నేలకూ మధ్య ఉన్న ఒరిపిడి ఒక్కటే. మధ్యలో దుప్పటి వేస్తే పాదం దుప్పటిని బాగానే పట్టుకుంటుంది, కాని దుప్పటి టైలును పట్టుకోదు. పాదం దుప్పటితో సహా సాగిపోతుంది. మన కాలికి పట్టు దొరికినట్టే ఉంటుంది కాబట్టి మనం ధైర్యంగా ఇంకాస్త బరువు వేస్తాం. మాతో ఆసనాలు వేసే ఒకావిడ, అరవై దాటినవారు, ఒకరోజు తమ ఇంట్లో ఒంటరిగా ఇలాగే నడిహాల్లో దుప్పటి మీద త్రికోణాసనం వెయ్యబోయి పడ్డారు. చెయ్యి ఆన్చుకున్నందుకు మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. జడ వేసుకోవడానికీ, అన్నం కలుపుకోవడానికీ కోడలి మీద ఆధారపడాల్సి వచ్చిందని ఆవిడకు ఎముక నొప్పికంటే అదే ఎక్కువ బాధ. తుంటి విరగలేదు, అదృష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది అరవై దాటినవారే. ఒంటికి మంచిదని మొదలుపెట్టిన పని మంచాన పడెయ్యకూడదు కదా.

ఇక రెండోది ఎముకల సంగతి. మన ఒంట్లో కొన్నిచోట్ల చర్మం కింద వెంటనే ఎముకే ఉంటుంది. మోకాలి చిప్ప, చీలమండ, నడుము కింద త్రికాస్థి, మెడ దిగువన చేతికి తగిలే పూస. ఉష్ట్రాసనంలో బరువంతా మోకాళ్ళ మీద. వజ్రాసనంలో చీలమండలూ పాదాల పైభాగమూ నేలకు నొక్కుకుంటాయి. నౌకాసనంలో తోకపూస దగ్గర నొప్పి పుడితే ఆసనం చేతకాలేదనుకుంటాం. చాలాసార్లు చేతకాకపోవడం కాదు, కింద మెత్తన లేకపోవడం. బి.కె.ఎస్. అయ్యంగార్‌గారు 1966లో వెలువడిన తమ ప్రసిద్ధ గ్రంథం 'లైట్ ఆన్ యోగా'లో వట్టి నేలమీద, ఎగుడుదిగుడు చోట ఆసనాలు వెయ్యవద్దనీ, చదునైన నేలమీద మడిచిన కంబళి పరుచుకొమ్మనీ చెప్పారు. సర్వాంగాసనంలో భుజాల కింద కంబళ్ళ మడతలు పెట్టి మెడమీద ఒత్తిడి తగ్గించడం ఆయన సంప్రదాయంలో అందరికీ తెలిసినదే. కాళ్ళు చేతులు విల్లులా వంచగల మహానుభావుడే కంబళి కావాలన్నప్పుడు మనకెందుకు మొహమాటం?

మూడోది చలి. మార్గశిర మాసంలో తెల్లవారుజామున గచ్చుమీద పది నిమిషాలు శవాసనం వేసి చూడండి, నడుము పట్టేస్తుంది. రాయీ టైలూ ఒంటి వేడిని చప్పున లాగేస్తాయి. చల్లబడ్డ కండరం బిగుసుకుంటుంది. మధ్యలో గాలిని పట్టి ఉంచే గడ్డో, నూలో, రబ్బరో ఉంటే వేడి నిలుస్తుంది. ఇక్కడే మనవాళ్ళు ఇంకొక మాట కూడా చెబుతారు. సాధనలో పుట్టిన శక్తి కరెంటులాగా భూమిలోకి పోతుందనీ, చాప దాన్ని ఆపుతుందనీ. చిన్నప్పటినుంచీ వింటున్నాను. నాకు మాత్రం ఒప్పుదల కాలేదు. ఒంట్లోంచి భూమిలోకి పోయేది వేడి. అది చేత్తో తాకి తెలుసుకోవచ్చు. ఆ ఒక్క కారణం చాలు, దానికి కరెంటు తగిలించనక్కరలేదు.

ఇప్పుడు బజారులో దొరికే రంగురంగుల యోగా మ్యాటు చరిత్ర వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మైసూరు శిష్యులు నూలు జంపఖానాలమీదే సాధన చేసేవారు. జారని మ్యాటు వచ్చింది యూరపు నుంచి. ఆంజెలా ఫార్మర్ అనే ఇంగ్లండు యోగా అధ్యాపకురాలికి చిన్నతనంలో జరిగిన ఒక ఆపరేషను వల్ల అరచేతులకూ అరికాళ్ళకూ చెమట పట్టదు. చెమట ఎక్కువైనా జారుతుంది, బొత్తిగా లేకపోయినా జారుతుంది. పొడి చేతితో పుస్తకం పేజీ తిప్పి చూడండి. ఆవిడ 1980ల మొదట్లో జర్మనీలో పాఠాలు చెబుతుండగా, తివాచీ జారకుండా దాని అడుగున పరిచే మెత్తటి రబ్బరులాంటి పట్టా కంటబడింది. ఒక ముక్క కత్తిరించుకుని దానిమీద నిలబడితే కాళ్ళు కదల్లేదు. శిష్యులు మాకూ కావాలన్నారు. ఆవిడ తండ్రిగారు వాటిని తెప్పించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ తివాచీ అడుగు పట్టాయే ఈనాడు లోకమంతా చుట్టుకుని భుజాన వేసుకు తిరుగుతున్న మ్యాటుకు పూర్వరూపం. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. 2015లో మొదటిసారి జరిపినప్పుడు ఢిల్లీ రాజపథం పొడవునా పరిచింది ఆ జాతి మ్యాట్లనే.

ఇంతకీ మన పక్కనే ఇంకొక చరిత్ర ఉంది. తిరునెల్వేలి జిల్లాలో పత్తమడై అనే ఊరు. తామ్రపర్ణి పరిసరాల్లో పెరిగే తుంగను కోసి, ఎండబెట్టి, పారే నీళ్ళలో నానబెట్టి, సన్నటి ఈనెలుగా చీల్చి, నూలు పడుగు మీద అక్కడి ముస్లిం కుటుంబాలవారు చాపలు నేస్తారు. మేలురకం చాప పట్టుబట్టలాగా మడతపడుతుంది. పెళ్ళిళ్ళకు వధూవరుల పేర్లు నేయించి ఇవ్వడం తమిళదేశంలో ఆనవాయితీ. ఆ చాపల ఊళ్ళోనే 1887లో కుప్పుస్వామి అనే పిల్లవాడు పుట్టాడు. పెద్దయి మలయా వెళ్ళి పదేళ్ళు డాక్టరుగా పనిచేసి, అన్నీ వదిలి ఋషీకేశం చేరి, స్వామి శివానంద సరస్వతి అయ్యారు. 1936లో దివ్య జీవన సంఘం స్థాపించారు. యోగాన్ని దేశదేశాలకు మోసుకెళ్ళిన విష్ణుదేవానంద, సత్యానంద ఆయన శిష్యులే. చాపల ఊరికీ యోగానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసినప్పటినుంచీ నాకు ఆ ఊరి చాప చూస్తే గౌరవం పెరిగింది.

అయితే గౌరవం వేరు, టైల్సు వేరు. తుంగచాప మట్టి నేలమీద బాగా నిలుస్తుంది. టైల్సు మీద దుప్పటికి తమ్ముడే. ఇక్కడే మా ఇంట్లో పంచాయతీ వచ్చింది.

అమ్మకు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు కొన్ని తేలిక ఆసనాలూ ప్రాణాయామమూ చెయ్యమన్నారు. తమ్ముడు కొత్తగా కట్టిన ఇంట్లో అంతా టైల్సే. అమ్మ తన పాత తుంగచాప తెచ్చి దానిమీద పరిచింది. నేను రబ్బరు మ్యాటు కొనుక్కెళ్ళాను. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఏమే, ఇది టైరు వాసన వస్తాందే?"

"రెండు రోజులు నీడలో ఆరేస్తే పోతుందమ్మా."

"పోనీలే, వాసన పోతాది. కూర్చుంటే ఒళ్ళంతా చెమట్లు పడతాయి. నా చాప చల్లంగా ఉంటాది. అరవై ఏండ్లుగా దానిమీదే పండుకుంటా ఉండా, ఎప్పుడైనా జారినానా?"

"పడుకుంటే ఎలా జారుతావమ్మా? నిలబడితే కదా జారేది!"

అమ్మ చెప్పినదాంట్లో నిజం ఉంది. తుంగ కాడ లోపల దూదిలాంటి గుజ్జు, దాని నిండా గాలి. చెమటను పీల్చుకుంటుంది, వేడిని నిలవనివ్వదు. మా ఊరి ఎండలకు ప్లాస్టిక్ మ్యాటుమీద పడుకుంటే వీపు అంటుకుపోతుంది. నేను చెప్పినదాంట్లోనూ నిజం ఉంది. మోకాళ్ళు బలహీనంగా ఉన్న మనిషి నిలబడే చోట కింద పట్టు ఉండి తీరాలి. ఇద్దరం గంటసేపు వాదించుకున్నాక అమ్మ లేచి రబ్బరు మ్యాటు పరిచి, దానిమీద తన తుంగచాప వేసి కూర్చుంది. "కింద నీది, పైన నాది. ఇంక నోరు ముయ్" అంది.

చేత్తో లాగి చూశాను. రబ్బరు టైలును పట్టుకుంది, చాప రబ్బరును పట్టుకుంది. కదల్లేదు. గీతలో మూడు వరసలు, మా అమ్మ దగ్గర రెండు. కూర్చునేవాటికీ పడుకునేవాటికీ ఇంతకంటే హాయి లేదు. నిలబడే ఆసనాలకు మాత్రం పై చాప చుట్టి పక్కన పెట్టి వట్టి రబ్బరు మీదే నిలబడాలి, అదీ గోడ పక్కన. ఎందుకంటే తుంగ నున్నన, పాదం దానిమీద జారవచ్చు. ఈ షరతుకు అమ్మ ఒప్పుకుంది.

మ్యాటు కొనబోయేవారికి నాలుగు మాటలు. ఎంత మందమైతే అంత మంచిదనుకోకండి. వేలెడు మందం ఉన్న మెత్తటి స్పాంజి మ్యాట్లు మోకాళ్ళకు హాయిగా ఉంటాయి గాని, వాటిమీద వృక్షాసనంలో ఒంటికాలిమీద నిలబడితే పాదం దిగబడి తూలిపోతాం. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు మనబోటివాళ్ళకు సరిపోతుంది. మోకాళ్ళు నొచ్చే ఆసనంలో అక్కడికి మాత్రం ఒక తువ్వాలు మడిచి పెట్టుకుంటే సరి. సామాన్యంగా దొరికే మ్యాటు పొడవు 173 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల ఎనిమిదంగుళాలు. ఇంట్లో పొడగరి ఉంటే ఇంకా పొడవైనది అడగండి, లేకపోతే శవాసనంలో మడమలు టైలు మీదే. కొత్త మ్యాటు మొదట్లో కొంచెం జారుతుంది. ఒకసారి తేలికపాటి సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెడితే తగ్గుతుంది. రబ్బరును ఎండలో వెయ్యకండి, పగుళ్ళు వస్తాయి. తుంగచాపను ఎండలో వెయ్యాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇంట్లో రెండూ ఉంటే ఈ తేడా పనిపిల్లకు కూడా చెప్పి పెట్టండి.

మ్యాటు ఎవరిది వారిదే. తామరలాంటి చర్మవ్యాధులు ఇలాంటి పరుపుల మీదుగా ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి. మా జట్టులో ఒకరి మ్యాటు మీద ఇంకొకరు నిలబడరు. ఎవరైనా కొత్తవారు వస్తే ఇంటినుంచి తెచ్చుకోమంటాం. మొదట్లో ముఖం ముడుచుకున్నవారు కూడా ఇప్పుడు అలవాటుపడ్డారు. కిందికి దిగి కూర్చోలేని పెద్దవారు కుర్చీలో కూర్చుని చేస్తారు కదా, వారికీ మ్యాటు కావాలి. కుర్చీ నాలుగు కాళ్ళ కిందా మ్యాటు ఉంటే, లేచేటప్పుడు కుర్చీ వెనక్కి జారదు. ఈ చిన్న సంగతి తెలియక పడినవాళ్ళను ఎరుగుదును.

ఆఖరున శవాసనం. అందరూ దీన్ని ఎగ్గొట్టి కాఫీకి పరుగెత్తుతారు. మా రెండు ఊళ్ళ దేవుళ్ళూ విశ్రాంతి కోసమే ఇక్కడికి వచ్చారన్న సంగతి వాళ్ళకు గుర్తు చేస్తుంటాను. తిరుత్తణి కొండమీది స్వామికి శూరపద్మునితో యుద్ధం తర్వాత కోపం చల్లారిన చోటు గనక ఆ పేరు వచ్చిందంటారు. తమిళంలో తణియడం అంటే చల్లారడం. 365 మెట్లు ఎక్కి వెళ్ళినవాళ్ళకు పైన గాలి తగిలితే ఆ మాట నిజమే అనిపిస్తుంది. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కథ ఇంకా ముచ్చటైనది. శాలిహోత్ర మహర్షి ఉపవాసం ముగించి పిండి నైవేద్యం పెట్టుకుని అతిథికోసం చూస్తుంటే, స్వామి ముసలి బ్రాహ్మణుడి రూపంలో వచ్చి అదంతా తిని, ఇక పడుకోవడానికి చోటెక్కడ అని అడిగాడట. ఋషి తన పర్ణశాలే చూపించాడు. స్వామి అక్కడే పవళించాడు. ఎవ్వుళ్ అన్న ఆ ప్రశ్నే ఊరి పేరయిందని స్థలపురాణం. నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటైన గుడికి ఊరు పేరు ఇలా 'ఎక్కడ పడుకోను?' అనే మాటనుంచి వచ్చింది. అమావాస్యనాడు రోగాలు పోవాలని మొక్కుకునేవాళ్ళు తండోపతండాలుగా వచ్చేది ఈ పడుకున్న వైద్య వీరరాఘవుడి దగ్గరికే.

కాబట్టి మా జట్టులో శవాసనానికి పదినిమిషాలు తప్పనిసరి. తలకింద పలచటి దిండు, నడుం నొప్పి ఉన్నవారికి మోకాళ్ళ కింద చుట్టిన దుప్పటి. దుప్పటికి అసలు పని అక్కడ. అమ్మ తిరుత్తణిలో తన రెండు వరసల మీద పడుకుని పదినిమిషాలన్నది అరగంట చేస్తుందని తమ్ముడి ఫిర్యాదు. అంచులు చిరిగిన ఆవిడ మొదటి చాప ఇప్పుడు మిద్దెమీద వడియాలకు వాడుతున్నారు.